నారింజ రంగు సిరా కంటికి ఆనేలా చేసిన విధం

నారింజ రంగు సిరాను సన్న పాళీ ఉన్న ఫౌంటెన్ పెన్నులో నింపితే, సీసాలో నిప్పుకణికలా మెరిసిన రంగు కాగితం మీద వెలవెలబోయి, దీపం వెలుగులో కళ్లు చికిలించి చదవవలసి వచ్చేది. సన్నటి గీతలో సిరా పొర మరీ పలుచగా పడడం వల్ల తెల్ల కాగితానికీ దానికీ తగినంత తేడా కనిపించడం లేదని, అదే సిరాలో దూదిపుల్ల ముంచి గీసిన వెడల్పాటి గీతను చూశాక అర్థమైంది. అందుచేత సిరా ధారాళంగా దిగే వెడల్పు పాళీకి మార్చాను. ఇప్పుడు అక్షరం మొదట్లో లేతగా, కొమ్ము తిరిగి ముగిసేచోట చిక్కగా, ఒకే రంగు రెండు ఛాయల్లో కనిపిస్తోంది.

అయితే పాళీ చీలిక వెంట ఎండిన రంగు పెచ్చు కట్టేది. నీరు ఆవిరై రంగు పదార్థం మిగిలిపోవడమే దీనికి కారణం. గాఢమైన సిరాల్లో ఇది మామూలే. పాళీని, దాని అడుగున ఉండి సిరాను అందించే ఫీడ్‌ను మామూలు నీటిలో నానబెట్టి, పెన్ను లోపల సిరాను పీల్చి నిలవ ఉంచే చిన్న గొట్టం, అంటే కన్వర్టర్‌తో నీళ్లు పీల్చి వదులుతూ, తేటనీరు వచ్చేదాకా కడిగి, ఆరాక మూత బిగుతుగా పట్టే పెన్నుకు ఈ సిరాను కేటాయించాను.

పేజీలకు పేజీలు రాయడానికి ఈ రంగు నాకు ఇప్పటికీ నచ్చదు గానీ, నల్లని అచ్చు పక్కన దిద్దుబాట్లకు ఎర్ర సిరా కంటే ఇదే మేలనిపిస్తోంది. తడి తగిలితే చెదిరిపోతుంది కనుక కవర్ల మీద చిరునామాలకు మాత్రం వాడను.