పేరు చదవకపోతే మనసు ఏమంటుంది? క్రైస్తవ విశ్వాసులకు ఉద్దేశాల తనిఖీ

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్లు గ్లాసులో పోసి చూస్తే తేటగానే ఉంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప బయటపడదు. ఉద్దేశాల సంగతీ అంతే. ఎవరి నడత వాళ్ల కంటికి నిర్దోషంగానే కనబడుతుందని సామెతలు 16:2 చెబుతోంది. కాబట్టి "నా మనసు మంచిదే" అని మనకు మనం ఇచ్చుకునే సర్టిఫికెట్ పనికిరాదు. చేసే పనిలోంచి మన పేరును తప్పించి, అప్పుడు మనసు ఎటు గుంజుతుందో చూడాలి.

కానుకతో మొదలుపెట్టండి. ఎంత ఇవ్వాలో శనివారం రాత్రే ఇంట్లో అనుకుని కవర్లో పెట్టేయాలి. ఆరాధనలో కానుకల సంచి దగ్గరికొచ్చాక జేబులో చెయ్యి పెడితే పక్కన కూర్చున్నవాళ్లను బట్టి నోటు మారుతుంది. పెద్దమనిషి ఉంటే 100 కాస్తా 500 అవుతుంది, ఎవరూ లేకపోతే 20కి దిగుతుంది. రెండూ ఒకే జబ్బు. దశమభాగం (రాబడిలో పదో వంతు) కవరు మీద పేరు రాయడం మీ సంఘం పద్ధతైతే నిరభ్యంతరంగా రాయండి, రసీదూ తీసుకోండి. లెక్క కోసం రాసే పేరులో తప్పు లేదు. ఆరాధనలో జాబితా చదివే ఆనవాయితీ ఉంటే మాత్రం కోశాధికారికి "నా పేరు చదవకండి" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. చదివించుకోవట్లేదన్న సంగతి ఇంకో మనిషికి చెప్పారంటే పేరు చదివించుకున్నట్టే, పైగా వినయం పేరుతో. పక్కింటివాళ్ల పేరు మైకులో వినబడి మీది వినబడనప్పుడు లోపల ఏం కదిలిందో గమనించండి. మీ పరీక్ష ఫలితం అదే.

అసలు తమాషా సంఘంలో జరిగే కోత పండుగ వేలంలో తెలుస్తుంది. గుమ్మడికాయ, నాటుకోడి, కొత్త బియ్యం తెచ్చి పెడతారు, పాట మొదలవుతుంది, రెండు కుటుంబాల మధ్య పంతం పడితే 30 రూపాయల సొరకాయ వేలల్లోకి పోతుంది. దేవుని పని కోసమే పాడుతున్నామంటారు గానీ, ఎదుటివాళ్ల ముఖం చూస్తూ పాడేదానికి ఆ పేరు నప్పదు. చేయాల్సింది ఇది: వెళ్లేముందు మీరు ఇవ్వదలచుకున్న మొత్తం కాగితం మీద రాసి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. పాట ఆ అంకె దాటాక నోరు తెరవద్దు. వస్తువు వేరేవాళ్లకు పోయినా, అనుకున్న మొత్తం తెచ్చి కానుకల సంచిలో వేయండి. చాలామంది జారిపోయేది ఇక్కడే. కోడి రాకపోతే పైసలు జేబులోనే ఉండిపోతాయి, అంటే కోడిని గెలవడానికి పాడారన్నమాట. పాడిన డబ్బు అక్కడికక్కడే కట్టాలి. ఆవేశంలో పాడి, బాకీ పెట్టి, ఏడాదంతా సంఘ పెద్దలకు ముఖం చాటేయడం మామూలైపోయింది. అననీయ, సప్పీరా అనే భార్యాభర్తల కథ (అపొస్తలుల కార్యములు 5) తీసుకోండి. పొలం వాళ్లది, అమ్మిన సొమ్మూ వాళ్లదే, కొంత ఉంచుకునే హక్కు వాళ్లకుందని పేతురే అన్నాడు. కొంత దాచుకుని మొత్తం ఇచ్చినట్టు కనబడటమే వాళ్ల తప్పు.

కానుకలు లెక్కపెట్టే బాధ్యత మీ మీదే ఉంటే ఒక్కరే లెక్కపెట్టకండి. ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే, ఒక ఇంటివాళ్లు కాని ఇద్దరు లెక్కించి సంతకాలు చేయాలి. నమ్మకం లేక కాదు. యెరూషలేముకు చందా పంపేటప్పుడు పౌలు కూడా ఒంటరిగా మోయలేదు, మనుషుల దృష్టిలోనూ సవ్యంగా ఉండాలని తోడు పంపాడు (2 కొరింథీ 8:20-21).

క్రిస్మస్‌కు విధవరాళ్లకు చీరలు, దుప్పట్లు పంచేటప్పుడు ఫోటోల గొడవ వస్తుంది. డబ్బు పంపినవాళ్లు లెక్క అడుగుతారు, అడగడం న్యాయమే. దుకాణం బిల్లు, లారీ దిగిన మూటలు, పంచిన పేర్ల జాబితా మీద సంతకాలో వేలిముద్రలో ఉంటే లెక్కకు అంతకంటే ఏం కావాలి? చీర అంచు ఇద్దరూ చెరోవైపు పట్టుకుని కెమెరా వైపు చూసే ఫోటో లెక్క కోసం కాదు. ఆమె మనవరాలు రేపు బడిలో ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనో ఆ ఫోటో చూస్తుంది. వీలైతే వేదిక మీద కాకుండా, పొద్దుగూకాక ఇంటికి పోయి ఇచ్చి రండి.

దేవుడు చేసిన మేలు గురించి సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు అంకెలు పెరగకుండా చూసుకోవాలి. నలభై మంది వస్తే నలభై అనండి. జ్వరం తగ్గితే ప్రార్థన చేశామని చెప్పండి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారనీ చెప్పండి. ఆ ముక్క మింగేస్తే, వింటున్నవాళ్లలో బీపీ, షుగర్ గోలీలు మానేసేవాళ్లు ఉంటారు. ప్రార్థన విన్నపాల్లో ఇంకొకరి ఇంటి గుట్టు చెప్పాలంటే ముందు వాళ్లను అడగాలి.

ఆదివారం ఒక లెక్క, సోమవారం ఒక లెక్క ఉంటే పై జాగ్రత్తలన్నీ దండగ. పత్తికి 8 శాతం తేమ ఉంటే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది, 12 వరకు కోత పెట్టి కొంటుంది. బరువు కోసం బోరాల మీద నీళ్లు చల్లి, అమ్మిన డబ్బులో దశమభాగం తీస్తే అది కొన్నవాళ్ల డబ్బులోంచి తీసిన కానుక. పాలమూరు నుంచి పట్నానికి, ముంబైకి కూలీలను తోలుకపోయే గుంపు మేస్త్రీ అయితే అడ్వాన్సు, పనిదినాలు, కోతలు మూడూ రాసి కూలీకి చూపించాలి. చదువు రానివాళ్లకు వాళ్ల పిల్లలతో చదివించాలి. పట్టి ఉంచిన కూలి మొర పెడుతుందని యాకోబు 5:4 అంటుంది.

తప్పుడు లెక్కతో ఇప్పటికే తిన్నది ఉంటే పేరు, మొత్తం రాసుకుని, ఆ మనిషి ఇంటికే వెళ్లి తిరిగి ఇవ్వండి. మొత్తం లేకపోతే ఎంత, ఏ తారీఖున ఇస్తారో చెప్పండి. సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, మీరు అసలైనా పూర్తిగా ఇవ్వాలి. "దేవుడు క్షమించాడు, నువ్వూ క్షమించాలి" అని ఒత్తిడి పెట్టకండి. దాన్ని వచ్చే ఆదివారం సాక్ష్యంగా మార్చకండి.

రాత్రి పడుకునేముందు పది నిమిషాలు చాలు. ఎవరో చూస్తున్నారని చేసిన పని ఏది, ఎవరూ చూడట్లేదని వదిలేసింది ఏది, ఎవరు మెచ్చుకోలేదని నొచ్చుకున్నాను? ఒక్కోదానికి ఒక్క వాక్యం నోటుపుస్తకంలో రాయండి. "గర్వపడ్డాను" అని రాస్తే లాభం లేదు, "పాటల బృందంలో ముందు వరసలో నిలబెట్టలేదని అలిగాను" అని రాయాలి. కీర్తన 139:23-24 చదివి ప్రార్థించి దీపం ఆర్పండి. ఆ పుస్తకాన్ని నెలకోసారి చించేయండి. దాచుకుంటే అదీ భక్తికి కొలమానమై కూర్చుంటుంది.

కొన్నాళ్లు ఇలా చేశాక "నా ఉద్దేశం శుద్ధంగా లేదు, కాబట్టి ఇవ్వను" అనే ఆలోచన వస్తుంది. దాన్ని నమ్మకండి. ఆకలితో ఉన్నామె మీ మనసు బాగుపడేదాకా ఆగలేదు. కొందరు అసూయతో క్రీస్తును ప్రకటిస్తున్నా, ప్రకటన జరుగుతోందని పౌలు సంతోషించాడు (ఫిలిప్పీ 1:15-18). బియ్యం ఇచ్చి రండి, మనసు పని తర్వాత చూడండి.

దీనికి ఎదురు జబ్బు ఇంకోటుంది. ఒప్పుకున్న పాపాన్నే పదేపదే ఒప్పుకుంటూ, దేవుడు విన్నాడో లేదోనని నిద్ర పట్టక లేచి మళ్లీ ప్రార్థన చేయడం. అక్కడ ఈ రాత్రి తనిఖీ మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది, కాబట్టి ఆపేయండి. మీతో అప్పు, చిట్టీ, చుట్టరికం లేని ఒక పెద్ద విశ్వాసితో (మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో) పదిహేను రోజులకోసారి కూర్చుని మాట్లాడండి. వారాల తరబడి నిద్ర లేకపోతే మానసిక వైద్యులను కలవండి, పాస్టరుగారికీ చెప్పండి.