గుంటూరు మిషన్ చరిత్ర చార్టు వేయడం ఎలా?

మా సండే స్కూల్ పిల్లలకి చార్టు వేయమంటే ముందు గుంటూరులో క్రైస్తవ మిషన్ మొదలుపెట్టిన అమెరికన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ బొమ్మ గీసేస్తారు. బొమ్మ చివర్లో పెట్టండమ్మా! మొదట షీటు నిండా ప్రపంచపటం గీయండి. ఆయన 1841లో ఓడెక్కిన బోస్టన్ నుంచి, 1842 జూలై 31న చేరిన గుంటూరు దాకా ఎర్ర స్కెచ్‌తో గీత లాగండి.

పక్కన ఆయన ముందే చేసుకున్న ఏర్పాట్లు రాయండి. పంపింది అమెరికాలోని పెన్సిల్వేనియా లూథరన్లు (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ). బయల్దేరే ముందే బాల్టిమోర్‌లో సంస్కృతం, వైద్యం చదివారు. అప్పటికి వయసు నలభై ఎనిమిది!

ఎక్కువ చోటు మాత్రం మిషనరీలు ఇక్కడ పనిచేయడానికి అనుమతి సంగతికి వదలండి. ఇక్కడ పాలన ఈస్టిండియా కంపెనీది, వచ్చినాయన అమెరికా నుంచి. 1812లో కలకత్తా చేరిన జడ్సన్ అనే అమెరికన్ మిషనరీని కంపెనీ వెళ్లిపొమ్మంది. మిషనరీలకు దారి తెరిచింది 1813 చార్టర్ చట్టం. గుంటూరులో హయ్యర్‌కి అండగా నిలిచింది కలెక్టర్ స్టోక్స్. నన్నడిగితే స్టోక్స్ పేరు లేనిది సగం చార్టే.

1883లో గుంటూరు వచ్చిన మిషనరీ వైద్యురాలు డాక్టర్ కుగ్లర్‌ని ఇందులో ఇరికించొద్దు, ఆమెకి వేరే షీటు తీసుకోండి. ఫ్లెక్స్ మాత్రం వద్దు, చేత్తోనే రాయండి.