బరువున్నవాళ్ల నడక, 3వ పాఠం: ఆరు నిమిషాల దూరం, దాని వెనక లెక్క

పోయిన పాఠంలో నాడి చూసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి దూరం. హన్మకొండ, వరంగల్ వాళ్లకు భద్రకాళి చెరువు కట్ట ఉండనే ఉంది. లేదంటే ఎత్తుపల్లాల్లేని ఏ గ్రౌండైనా సరే. టేపుతో 30 మీటర్లు కొలిచి, రెండు కొసలకూ చెరో ఇటుక పెట్టండి. ఫోన్లో 6 నిమిషాలు పెట్టి ఇటుకల మధ్య తిరగండి. పరుగు వద్దు. దమ్మొస్తే నిలబడండి, తగ్గాక కదలండి, గడియారాన్ని మాత్రం ఆపొద్దు. 11 సార్లు దాటి ఇంకో 20 మీటర్లు నడిస్తే 350. తేదీ వేసి రాసుకోండి.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అక్కడితో ఆపేయాలి. గుండె జబ్బున్నవాళ్లు ముందే డాక్టరును అడగాలి, పక్కన ఒకరిని పెట్టుకోవాలి.

ఇక లెక్క. ఊరికే కూర్చున్నా కిలో బరువుకు గంటకు సుమారు 1 కేలరీ ఖర్చవుతుంది. దాన్ని 1 మెట్ అంటారు. నింపాదిగా నడిస్తే దాదాపు 3 మెట్‌లు, అంటే కూర్చున్నదానికి మూడింతలు. అంటే అరగంటకు 60 కిలోల మనిషికి 90 కేలరీలు, 120 కిలోల మనిషికి 180. బాగా లావున్నవాళ్లలో ఈ లెక్క కొంచెం ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే కొవ్వు కండంత ఆక్సిజన్ వాడదు. అయినా ‘లావోళ్లు బద్ధకస్తులు’ అనేవాళ్లకు ఒకసారి చూపించదగ్గ లెక్కే.

ఫిట్‌నెస్ అంకెలోనూ, అంటే గట్టిగా శ్రమపడ్డప్పుడు కిలో బరువుకు నిమిషానికి వాడే ఆక్సిజన్ లెక్కలోనూ, ఇదే తిరకాసు. పైన చెప్పిన ఇద్దరూ గట్టిగా శ్రమపడ్డప్పుడు నిమిషానికి 2,400 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడారనుకోండి. కిలోల లెక్కన భాగిస్తే 60 కిలోల మనిషికి 40, 120 కిలోల మనిషికి 20. వాడిన ఆక్సిజన్ ఒక్కటే, మోసే బరువే వేరు. అందుకే పక్కవాళ్ల అంకెతో పోల్చుకోవద్దు, మీ పాత 350తోనే పోల్చుకోండి.

కాటా చెప్పని సంగతి ఇంకోటుంది. గుండెను అంటుకుని అందరికీ కొంత కొవ్వుంటుంది, అది గుండెకు ఇంధనమిస్తుంది కూడా. మితిమీరితేనే చిక్కు. దానికీ గుండె కండకూ మధ్య అడ్డుపొర లేదు, కాబట్టి అది వదిలే వాపు పదార్థాలు నేరుగా కండకు చేరతాయి. ఎకో పరీక్షలో దాని మందం కొలవచ్చు. 2019లో అచ్చయిన డెన్మార్క్ పరిశోధనలో పొట్ట లావున్నవాళ్లు 12 వారాలు కసరత్తు చేస్తే, ఆయాసపడే వ్యాయామం చేసినవాళ్లలో ఈ కొవ్వు దాదాపు 32 శాతం, బరువులెత్తినవాళ్లలో 24 శాతం తగ్గింది.

వచ్చే పాఠం కుర్చీలోంచి లేచి కూర్చోవడం. గట్టి చెక్క కుర్చీ చూసి పెట్టుకోండి. ప్లాస్టిక్‌ది వద్దు, కాళ్లు విరుగుతాయి.