చెన్నైలో ఉండి తెలుగులో రాసే బ్లాగుకు పాఠకులను సంపాదించుకోవడం ఎలా

చెన్నైలో స్థిరపడిన తెలుగువారిలో చక్కగా రాయగలిగినవారికి కొదవ లేదు. ఉత్సాహంతో బ్లాగు తెరిచి, నాలుగు టపాలు (పోస్టులు) రాసి, చదివేవారు కనిపించక మానుకున్నవారూ చాలామందే ఉన్నారు. తొలిసారి వచ్చే పాఠకుడికి రచయిత ఎవరో తెలియదు. తనకు కావలసిన విషయం దొరుకుతుందని వస్తాడు. దాన్ని నమ్మకంగా, ఓపికగా చెప్పి ఉంటే మళ్ళీ వస్తాడు. కాబట్టి ప్రచారం సంగతి ఆలోచించే ముందు, ఈ ఊళ్ళో ఉన్నందువల్ల మీరు ఇతరులకంటే బాగా రాయగలిగినది ఏమిటో తేల్చుకోవాలి.

అలాంటి విషయాలు ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం వల్ల పాఠశాలల్లో తమిళం ఒకటో తరగతితో మొదలై దశలవారీగా పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశమైంది. బదిలీ మీద కొత్తగా వచ్చిన తెలుగు తల్లిదండ్రులకు పిల్లల్ని ఏ బడిలో చేర్చాలి, ఇంట్లో తెలుగును ఎలా నిలబెట్టాలి అన్నది పెద్ద బెంగ. మద్రాసులోని తెలుగు అచ్చుకూటాల గురించి, పత్రికల గురించి రాయవలసింది ఇంకా ఎంతో ఉంది. రోజువారీ రాజకీయాల మీద, విడుదలైన ప్రతి సినిమా మీద రాసేవారు ఇప్పటికే లెక్కకు మించి ఉన్నారు కనుక ఆ గుంపులో చేరవద్దనే నా సలహా.

ఒక ఉదాహరణను కాస్త వివరంగా చూద్దాం. ఏటా డిసెంబరు నుంచి జనవరి దాకా మ్యూజిక్ అకాడమీ మొదలుకొని మైలాపూరు, త్యాగరాయనగర్ సంగీత సభల వరకు కచేరీలు జరుగుతూనే ఉంటాయి. త్యాగరాజస్వామి కృతి వినిపించని కచేరీ అరుదు. ఆయన కృతుల్లో అత్యధికం తెలుగువే. అయితే పాడేవారిలోను, వినేవారిలోను చాలామందికి తెలుగు రాదు, అర్థం తెలుసుకోవాలన్న తపన మాత్రం నిండుగా ఉంటుంది. వారికోసం ఒక్కొక్క కృతికి ప్రతిపదార్థం రాసే బ్లాగును ఊహించండి. ఆ టపాకు ‘త్యాగయ్య భక్తి తత్త్వం’ అని పేరు పెడితే అది ఎవరి వెతుకులాటలోనూ తగలదు. కృతి ఎత్తుగడ మాటలు, రాగం పేరు, ‘ప్రతిపదార్థం’ అనే మాట శీర్షికలో ఉండాలి, ఎందుకంటే వెతికేవారు టైపు చేసేవి అవే. లోపల సాహిత్యాన్ని తెలుగు లిపిలోను, తమిళ లిపిలోను ఇచ్చి, సంధులు విడదీసి, అర్థం చెప్పాలి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం ఉన్నందువల్ల అక్షరం పక్కన చిన్న అంకెలు వేసి తేడా చూపించే పద్ధతి సంగీత పుస్తకాల్లో ఉంది. మీరూ దాన్నే పాటిస్తే విద్యార్థులకు ఉచ్చారణ విషయంలో సందేహం మిగలదు. ఇంత శ్రద్ధగా రాసిన పేజీని సంగీతం మాస్టారు తన శిష్యులందరికీ పంపుతారు. దీన్ని అక్టోబరులోనే ప్రచురించడం మంచిది. పాడేవారు కొత్త కృతులు సాధన చేసుకునే రోజులవి; పైగా కొత్త పేజీని సెర్చ్ ఇంజిన్ గుర్తించి ముందుకు తేవడానికి కొంత సమయం పడుతుంది.

తరువాతిది పేజీ చిరునామా. తెలుగులో రాసేవారు దీన్ని పట్టించుకోకపోవడం వల్ల చాలా నష్టపోతున్నారు. బ్లాగులు నడుపుకొనే సేవల్లో ఒకటైన బ్లాగర్‌లో శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే చిరునామాలో ఆ మాటలేవీ రావు. ‘బ్లాగ్-పోస్ట్’ అన్న మాట, దాని వెనుక ఏదో అంకె మాత్రమే కనిపిస్తాయి. అలాంటిదే మరో సేవ అయిన వర్డ్‌ప్రెస్‌లో తెలుగు మాటలు చిరునామాలోకి వస్తాయి కాని, ఆ లంకెను కాపీ చేసి పంపినప్పుడు తరచుగా శాతం గుర్తులతో నిండిపోతుంది. హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేరువేరు సంకేతాలు; ఒక్కొక్క తెలుగు సంకేతానికి తొమ్మిదేసి గుర్తులు పడతాయి కాబట్టి ‘చెన్నై’ అన్న చిన్న మాటే 54 గుర్తులవుతుంది. అంత పొడవైన లంకెను వాట్సాప్‌లో చూసినవారు అదేదో మోసపు లంకె అనుకొని ముట్టుకోరు. ప్రచురించే ముందే పర్మాలింక్ (పేజీ చిరునామాను నిర్ణయించే చోటు) దగ్గర నాలుగైదు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో మీరే టైపు చేసి పెట్టండి. తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వెతికేవారికి కూడా అది ఉపకరిస్తుంది.

గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో బ్లాగును నమోదు చేసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఏ మాటలతో వెతికినప్పుడు మీ పేజీ కనిపించిందో, ఎంతమంది దాన్ని తెరిచారో అది చూపిస్తుంది. ఎక్కువసార్లు కనిపించినా ఎవరూ తెరవని పేజీ ఉంటే దాని శీర్షికను, సెర్చ్ డిస్క్రిప్షన్‌ను (వెతుకులాట ఫలితాల్లో శీర్షిక కింద కనిపించడానికి రాసే చిన్న పరిచయాన్ని) తిరిగి రాయండి. మీరు ఊహించని ప్రశ్నతో వచ్చినవారు కనిపిస్తే, ఆ ప్రశ్నకే మరో టపాలో పూర్తి జవాబు ఇవ్వండి.

అయినా మొదటి యాభైమంది పాఠకులను యంత్రాలు తెచ్చిపెట్టవు. మనుషులను ఒక్కొక్కరిగా కలుపుకోవలసిందే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఉగాది జరుపుకొనే తెలుగు సంఘాల్లో, పిల్లల బడి దగ్గర పరిచయమైనవారిలో ఆ విషయం ఎవరికి కావాలో ఆలోచించి వారికే పంపాలి. లంకెను ఊరికే అతికించి వదిలేస్తే ఎవరూ తెరవరు. టపాలోని అసలు సంగతిని రెండు వాక్యాల్లో అక్కడే చెప్పి, మిగతా వివరాలకు లంకె ఇస్తే, తెరవనివారికి కూడా కొంత మేలు జరుగుతుంది, మీ మాట మీద గౌరవమూ ఏర్పడుతుంది. వాట్సాప్ ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డు చేయనివ్వదు. ఆ ఐదూ ఏవో జాగ్రత్తగా ఎంచుకోండి.

ఒకప్పుడు కూడలి, మాలిక వంటి సంకలినులను (అనేక బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపించే సైట్లను) రోజూ చూసి కొత్త టపాలను చదివే అలవాటు తెలుగు పాఠకుల్లో బలంగా ఉండేది. ఎంచుకున్న బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చదువుకోనిచ్చే గూగుల్ రీడర్ 2013లో మూతపడింది. కొత్త టపాలను చందాదారులకు ఈమెయిలులో పంపిన ఫీడ్‌బర్నర్ అనే సేవ 2021లో ఆ చందాలను ఆపేయడంతో దాని మీద ఆధారపడిన బ్లాగులకు టపాలు పంపే దారి తెగింది. అందువల్ల ఈమెయిలు చందాకు ఏ సేవను వాడినా, చందాదారుల జాబితాను మూడు నెలలకు ఒకసారి దించుకొని మీ దగ్గర భద్రపరచుకోండి. ఆ చిరునామాలను మరే పనికీ వాడకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.

ఎంత తరచుగా రాయాలన్న ప్రశ్నకు మన మద్రాసు పత్రికలే జవాబు చెబుతాయి. 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక తెచ్చిన ఉగాది సంచికలను పాఠకులు దాచుకొనేవారు. 1947 జూలైలో మద్రాసులోనే పుట్టిన చందమామ, తరువాతి కాలంలో, నెలనెలా రెండు ఫోటోలు వేసి, వాటికి వ్యాఖ్యలు రాసి పోస్టుకార్డు మీద పంపమని అడిగేది. గెలిచిన వ్యాఖ్యలను పంపినవారి పేర్లతో అచ్చువేసేది. ఈ రెండు పద్ధతులనూ బ్లాగుకు అన్వయించుకోవచ్చు. నెలకు రెండు టపాలే అయినా చెప్పిన తేదీకి రావాలి, ఏడాదికి ఒకసారి దాచుకోదగిన పెద్ద వ్యాసం రావాలి. ‘మీ అభిప్రాయం తెలపండి’ అని ముగించే బదులు, పాఠకుడు ఒక వాక్యంలో జవాబు చెప్పగలిగే ప్రశ్న అడగాలి. ‘మీ ఇంట్లో ఈ మాటను ఎలా అంటారు’, ‘ఈ వీధిలో ఉండే పాత పుస్తకాల కొట్టు పేరు మీకు గుర్తుందా’ వంటివి అడిగితే జవాబులు వస్తాయి. వచ్చిన సమాచారాన్ని సరిచూసుకొని, పంపినవారి అనుమతితో వారి పేరు చెప్పి టపాలో చేర్చండి. తన మాట అచ్చులో కనిపించినవారు ఆ పేజీని పదిమందికి చూపిస్తారు.

పేజీ రూపం విషయంలో ఒక్కటే చెబుతాను. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉన్నందువల్ల ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం మనకు చాలదు. దాన్ని పెంచి, ఫోనులో తెరిచి, పెద్దవాళ్ళెవరితోనైనా చదివించి చూడండి.

ఇక లెక్కలు. బ్లాగర్‌లో మీ సొంత సందర్శనలను లెక్కించవద్దని చెప్పే వీలుంది. ముందు దాన్ని పెట్టుకోండి. ఒక్క రోజు వచ్చిన వందలమందికంటే నెలనెలా తిరిగి వచ్చే ఇరవైమందినే పాఠకులుగా భావించి, వారు ఏ టపాలు తెరుస్తున్నారో గమనించండి. పాత టపాల్లో ఎక్కువగా చదివేవాటిని ఏడాదికి ఒకసారి తీసి, తప్పులు దిద్ది, మారిన వివరాలు చేర్చి, సవరించిన తేదీని పైన వేయండి. చిరునామాను మాత్రం మార్చకండి. మారిస్తే ఇతరులు పంచుకున్న పాత లంకెలు పనిచేయకపోవచ్చు.