వీల్ నట్టు ఊడకపోయినా, వదులైనా: లక్షణాన్ని బట్టి కారణం, దానికి తగిన పానా

సూర్యాపేట దాటాక రాత్రి పదిన్నరకు మా కారు వెనక టైరు పంక్చరైంది. స్టెప్నీలో గాలి ఉంది, జాకీ ఉంది, కారుతో వచ్చిన ఎల్ పానా కూడా ఉంది. నట్టు మాత్రం కదల్లేదు. పానా మీద కాలు పెట్టి బరువంతా వేశాను. పానా వంగింది, నట్టు కదల్లేదు. పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే కారు మొత్తం ఊగుతోంది, లోపల అమ్మ, పిల్లలు. చివరికి ఒక లారీ డ్రైవర్ ఆగి, తన బండిలోని ఇనప పైపు పానాకు తొడిగి ఊడదీశాడు. అంతకు వారం ముందే ఒక టైర్ల షాపులో గాలి గన్‌తో ఆ నట్లు బిగించారు. అప్పటి నుంచి నట్లు చివరిసారి బిగించే పని ఎవరికీ వదల్లేదు.

నట్టు ఎంత తిప్పినా ఊడటం లేదు

కారణం చాలాసార్లు గన్నే. నా హోండా సిటీకి కంపెనీ చెప్పిన బిగుతు 108 న్యూటన్ మీటర్లు. అంటే 25 సెంటీమీటర్ల పానాను అడ్డంగా ఉంచి దాని చివర 44 కిలోల బరువు పెడితే వచ్చే బలం. షాపుల్లో వాడే గన్‌లలో చాలావాటికి 500 దాటే శక్తి ఉంటుంది. ట్రిగ్గర్ రెండు సెకన్లు ఎక్కువ నొక్కితే నట్టు ఎంత బిగిసిందో ఎవరికీ తెలియదు.

ఊడదీయడానికి కావలసింది పొడవు. అర అంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) ఉన్న బ్రేకర్ బార్, అంటే పొడవాటి గట్టి పిడి, 60 సెంటీమీటర్లది, దానికి మీ నట్టు సైజు సాకెట్ (నట్టు మీద తొడిగే గిన్నె) కొని డిక్కీలో పెట్టుకోండి. మారుతి, హోండా కార్లకు ఎక్కువగా 19 ఎంఎం, హ్యుందాయ్, టొయోటాలకు 21. అయినా కొనేముందు మీ నట్టుకు తొడిగి చూసుకోండి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రం నేల మీద ఉండగానే ప్రతి నట్టునూ అర చుట్టు వదులు చేయండి. జాకీ ఎత్తడం ఆ తర్వాతే. ఎత్తిన బండి మీద అంత బలం వేస్తే జాకీ జారుతుంది.

ఇంట్లో పని చేసుకునేవాళ్లకు ప్లస్ ఆకారపు పానా కూడా మంచిదే. రెండు చేతుల బలం సమానంగా పడుతుంది, వదులైన నట్టును గిరగిరా తిప్పి తీసేయొచ్చు. మొండి నట్టుకు మాత్రం బ్రేకర్ బారే.

సాకెట్ జారుతోంది, నట్టు మూలలు అరిగిపోయాయి

సాకెట్ లోపల చూడండి. పన్నెండు మూలలున్నది నట్టును అంచుల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది, బలం వేయగానే మూలలు చెక్కేస్తుంది. ఆరు మూలలున్న సాకెట్ నట్టు పక్కలను పట్టుకుంటుంది. వీల్ నట్లకు అదే వాడాలి. అరిగిన నట్టును "ఇంకా పనికొస్తుందిలే" అని ఉంచుకోవద్దు. కొత్త నట్టు ఖరీదు తక్కువే, ఈసారి అది రోడ్డు మీద మొరాయిస్తే పడే టెన్షన్ ఎక్కువ.

టైర్లు మార్పించిన కొన్నాళ్లకు బ్రేక్ వేస్తే వణుకు

చాలామంది ఇది అలైన్‌మెంట్ సమస్య అనుకుంటారు. ముందు ఒకటి తేల్చుకోండి. బ్రేక్ వేయకుండానే 80, 100 స్పీడులో స్టీరింగ్ వణికితే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోవడం. బ్రేక్ నొక్కినప్పుడే వణికితే అనుమానం డిస్కు మీద.

బ్రేక్ డిస్కు హబ్‌కూ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) చక్రానికీ మధ్య నొక్కుకుని ఉంటుంది. ఒక నట్టు మరీ బిగిసి, పక్కది తక్కువ బిగిస్తే డిస్కు వెంట్రుకవాసి పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగుతోనే తిరుగుతూ ప్యాడ్లకు ఒకేచోట తగులుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ అరిగి మందం మారిపోతుంది, పెడల్ కింద వణుకు మొదలవుతుంది. తొందరగా పసిగడితే అన్ని నట్లూ వదులు చేసి, టార్క్ రెంచ్‌తో (పెట్టిన బిగుతు రాగానే 'టక్' మని చెప్పే పానా) సమానంగా బిగిస్తే సరిపోవచ్చు. ఆలస్యమైతే డిస్కు లేత్ మీద చెక్కించాలి, లేదా మార్చాలి.

బిగించే వరుస కూడా ముఖ్యమే. నాలుగు నట్లుంటే ఎదురెదురుగా, అయిదుంటే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి. మొదట చేత్తో, తర్వాత పానాతో సగం బిగుతు, చక్రం నేలకు ఆనాక పూర్తి బిగుతు.

సరిగ్గా బిగించినా మళ్లీ వదులవుతున్నాయి

నెమ్మదిగా పోతున్నప్పుడు చక్రం దగ్గర 'టక్ టక్' వినిపిస్తే వెంటనే పక్కకు ఆపి నట్లు చూడండి. బిగించడమే మరిచిపోవడం ఒక కారణం. అది కాకపోతే చక్రం తీసి హబ్ ముఖం చూడండి. తుప్పు పెళ్లలు, మట్టి, కొత్తగా వేసిన పెయింట్ మధ్యలో ఉంటే, బండి నడిచే కొద్దీ అవి నలిగిపోయి నట్టు పట్టు పోతుంది. వైరు బ్రష్‌తో లోహం కనిపించేదాకా రుద్ది, గుడ్డతో తుడిచి అప్పుడు చక్రం ఎక్కించండి.

బయట కొన్న అలాయ్ చక్రాలు వేయించిన వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. హోండా సొంత చక్రాలకు నట్టు కూర్చునే చోటు గోళంలా గుండ్రంగా ఉంటుంది. బయటి అలాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల శంఖం ఆకారం. పాత నట్లే వాడితే అంచు మాత్రమే తగులుతుంది, ఎంత బిగించినా నిలవదు. టార్క్ రెంచ్ 'టక్' మంటుంది కానీ చక్రం నిజంగా పట్టుకుని ఉండదు. చక్రంతో పాటు దానికి తగిన నట్లు అడగండి.

బిగిస్తుంటే స్టడ్ తెగింది

స్టడ్ అంటే నట్టు ఎక్కే బోల్టు. అది తెగడానికి చాలాసార్లు గ్రీజు కారణం. "మళ్లీ సులువుగా ఊడుతుంది" అని థ్రెడ్లకు గ్రీజు పూస్తారు. రాపిడి తగ్గడంతో అదే 108 దగ్గర స్టడ్ చాలా ఎక్కువ సాగుతుంది, సాగి సాగి తెగుతుంది. మాన్యువల్‌లో వేరేగా చెప్పకపోతే థ్రెడ్లు పొడిగా, శుభ్రంగా ఉండాలి. ఒక స్టడ్ తెగితే పక్కవి కూడా సాగి ఉన్నాయేమో చూపించి, మిగతావాటి మీద తిరగకుండా మార్పించండి.

టార్క్ రెంచ్ కొనేటప్పుడు

అర అంగుళం డ్రైవ్, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా ఉన్న క్లిక్ రకం కార్లకు చాలు. మీ అంకె దాని స్కేలు మధ్యలో పడాలి. స్కేళ్లు రెండుంటాయి, అక్కడే పొరపాటు జరుగుతుంది. ఫుట్ పౌండ్ల వైపు 108 పెడితే నిజానికి 146 న్యూటన్ మీటర్లు పడుతుంది. పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా లాగండి. చేతికి చిన్న కుదుపు తగులుతుంది, 'టక్' వినిపిస్తుంది. అక్కడ ఆపేయాలి. "ఇంకొంచెం" అని రెండోసారి లాగితే కొలత తప్పినట్టే. దీంతో నట్లు ఊడదీయకండి. పని అయ్యాక స్కేలును అతి తక్కువ అంకెకు తిప్పి డబ్బాలో పెట్టండి, లోపలి స్ప్రింగ్ అలసిపోదు.

షాపుకు వెళ్తే నేను రెంచ్ తీసుకెళ్తాను. "గన్‌తో ఆనించి వదిలెయ్ అన్నా, చివరిది నేను బిగిస్తా" అంటే ఎవరూ కాదనలేదు. ఆ తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పొద్దున్నే అదే అంకె పెట్టి ఒక్కో నట్టునూ మళ్లీ లాగి చూస్తాను. కదలకుండా 'టక్' మంటే సరే. ఏదైనా కాస్త తిరిగిందంటే ఆ చక్రం విప్పి హబ్ ముఖం చూస్తాను.