జర్మనీ సిమ్‌తో పోలండ్‌కి ఫోన్ చేస్తే ఎంత పడాలి? బిల్లు ఇలా చూసుకోండి

యూరప్‌లో చదువుకునే మనవాళ్లు చాలామంది ‘ఈయూ (యూరోపియన్ యూనియన్) అంతా ఫ్రీ’ అన్న మాట నమ్మి, బెర్లిన్‌లో కూర్చుని పోలండ్ నంబర్‌కి అరగంట మాట్లాడేస్తారు, నెలాఖరుకి బిల్లులో ఆరేడు యూరోలు ఎక్కువ కనిపించేసరికి టెన్షన్ పడతారు. ఆ డబ్బు రూల్ ప్రకారమే పడిందో, ఎక్కువ లాగారో తేల్చుకోవడం పెద్ద కష్టమేం కాదు.

ముందు, ఫోన్ చేసినప్పుడు మీరెక్కడున్నారో చూసుకోండి. జర్మనీ సిమ్‌తో మీరే పోలండ్ రాజధాని వార్సా వెళ్లి, అక్కడి నుంచి బెర్లిన్‌కి చేసినా, వార్సాలోనే పక్క వీధికి చేసినా అది రోమింగ్. 2017 జూన్ 15 నుంచి దానికి జర్మనీలో ఉన్నప్పటి ధరే, మీ ప్యాక్ నిమిషాలే వాడుకోవచ్చు. అదే బెర్లిన్‌లో ఉండి వార్సాకి చేస్తే అంతర్జాతీయ కాల్. 2017 రూల్ దీన్ని ముట్టుకోలేదు. 2019 మే 15 నుంచే దీనికి గరిష్ఠ ధర వచ్చింది: కాల్‌కి నిమిషానికి 19 సెంట్లు, ఎస్సెమ్మెస్‌కి 6 సెంట్లు, పైన వ్యాట్. 5 ఏళ్లకని పెట్టినదాన్ని 2024లో పొడిగించారు. దేశం దాటినవాళ్లకి లేని ఖర్చు ఇంట్లో ఉన్నవాళ్లకి ఉండటం అన్యాయమనే నేనంటాను, కానీ ప్రస్తుతం రూల్ అదే.

ఇప్పుడు బిల్లు వివరాలు తెరిచి ఆ పోలండ్ కాల్ ఉన్న లైన్ చూడండి. జర్మనీలో వ్యాట్ 19 శాతం కాబట్టి నిమిషానికి 22.61 సెంట్లు, ఎస్సెమ్మెస్‌కి 7.14 సెంట్ల దాకా వేయొచ్చు. హంగరీ సిమ్ అయితే అక్కడ వ్యాట్ 27 శాతం, అంటే నిమిషానికి 24.13. అంతకు మించి 40, 50 సెంట్లు కనిపిస్తే వదిలిపెట్టకండి.

అయితే నంబర్ ముందున్న కోడ్ కూడా చూడాలి. +48 పోలండ్, దానికి రూల్ ఉంది. +44 బ్రిటన్, +41 స్విట్జర్లాండ్, +91 మన ఇండియా, వీటికి ఈ గరిష్ఠ ధర లేదు. ఇంటికి వాట్సాప్ కాలే మేలు. స్విట్జర్లాండ్‌ని ఆనుకుని ఉన్న కాన్‌స్టాంజ్ లాంటి జర్మనీ సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లు మాత్రం ఇంకో జాగ్రత్త పడాలి, ఫోన్ దానంతట అదే స్విస్ టవర్ పట్టేస్తే ఈయూ రోమింగ్ రూల్ పనిచేయదు, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికని ఆటోమేటిక్ నుంచి తీసేసి జర్మనీ నెట్‌వర్క్‌ని మీరే ఎంచుకోండి.

కంపెనీ పేరు మీదున్న సిమ్‌కి కాల్ ధరల రూల్ వర్తించదు, అది మామూలు వినియోగదారులకే. ఇండియా సిమ్‌తో యూరప్‌లో తిరిగితే రోమింగ్ రూల్ కూడా మీది కాదు. ఇంకోటి, మీరే ఏదైనా ఇంటర్నేషనల్ ప్యాక్‌కి ఒప్పుకుని ఉంటే అందులోని ధరే పడుతుంది. అది నచ్చకపోతే పైన చెప్పిన గరిష్ఠ ధర దాటని మామూలు ధరకి మార్చమని అడగండి, ఒక్క పనిదినంలో, ఉచితంగా మార్చాలి.

ఇవన్నీ చూశాక కూడా ఎక్కువ వేశారని తేలితే, కాల్ చేసిన తేదీ, నంబర్, నిమిషాలు, వేసిన ధర రాసి ముందు కంపెనీకే మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి. జర్మనీలో బిల్లు అందిన 8 వారాల లోపు అభ్యంతరం చెప్పాలి. వాళ్లు దారికి రాకపోతే అదే మెయిల్ జతచేసి నియంత్రణ సంస్థ బుండెస్‌నెట్జ్‌అగెంటూర్‌కి ఫిర్యాదు చేయండి, ఐర్లాండ్‌లో ఉన్నవాళ్లయితే కామ్‌రెగ్‌కి.