మెల్టింగ్ పాయింట్ సరిగ్గా ఎలా చూడాలి?

డిగ్రీ ప్రాక్టికల్స్‌లో బెంజోయిక్ ఆమ్లం ఇస్తే అందరి రికార్డుల్లోనూ మెల్టింగ్ పాయింట్, అంటే కరిగే ఉష్ణోగ్రత, 122 డిగ్రీలే కనిపిస్తుంది. పుస్తకంలో ఆ అంకె ఉంది కాబట్టి థర్మామీటర్ వైపు చూడకుండానే రాసేస్తారు. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇదే తంతు. ఈ పిల్లల్లోనే చాలామంది రేపు చౌటుప్పల్ వైపో జడ్చర్ల వైపో మందుల కంపెనీల్లో నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌కు వెళ్తారు, అక్కడ పుస్తకం చూసి రాస్తే కుదరదు. అందుకే చెప్తున్నా, పొడి కరగడం మొదలైనప్పటి ఉష్ణోగ్రత ఒకటి, మొత్తం కరిగిపోయినప్పటిది ఒకటి, రెండూ రాయాలి. ఆ రెంటి మధ్య తేడాను బట్టే పదార్థం శుద్ధమైనదో కాదో తెలుస్తుంది.

కావాల్సినవి థీలే ట్యూబ్ (పక్కన వంపు గొట్టం ఉన్న గాజు గొట్టం), అందులో పోసే నూనె అంటే లిక్విడ్ పారాఫిన్, 360 డిగ్రీల థర్మామీటర్, కాపిలరీలు అనే సన్నటి గాజు గొట్టాలు, స్పిరిట్ ల్యాంప్, దారం, కళ్లకు అద్దాలు. కాపిలరీ ఒక కొనను మంట అంచున తిప్పుతూ మూసేయండి. బాగా ఆరిన పదార్థాన్ని మెత్తగా నూరి, తెరిచిన కొనను అందులో గుచ్చి, పొడవాటి గాజు గొట్టంలోంచి కాపిలరీని బల్ల మీదికి నాలుగైదు సార్లు జారవిడిస్తే పొడి అడుక్కి గట్టిగా దిగుతుంది. 2, 3 మిల్లీమీటర్ల ఎత్తు చాలు. అంతకన్నా ఎక్కువ పోస్తే కింద కరిగినా పైన కరగదు. తడి పొడి అసలు వాడొద్దు, తేమ కూడా మలినమే.

కాపిలరీని థర్మామీటర్‌కు దారంతోనే కట్టండి, రబ్బర్ బ్యాండ్ వద్దు. వేడికి నూనె వ్యాకోచించి పైకి వచ్చి బ్యాండ్‌ను తాకితే అది మెత్తబడి తెగుతుంది. పొడి సరిగ్గా థర్మామీటర్ బల్బు పక్కనే ఉండాలి, తెరిచిన కొన నూనె పైన ఉండాలి, ఆ బల్బేమో, ట్యూబ్‌లో పక్క గొట్టం పైన కలిసే చోటికి కొంచెం కిందుగా ఉండాలి. థర్మామీటర్‌ను పట్టి ఉంచే బిరడాకు పక్కన గాడి తప్పనిసరి, గాలి పోయే దారి లేకుండా మూసి వేడి చేస్తే ప్రమాదం. మంటను పక్క గొట్టం వంపు కింద పెట్టాలి. అక్కడ వేడెక్కిన నూనె పైకి లేచి తనంతట తానే తిరుగుతుంది, కలపాల్సిన పనే లేదు. బీకరులో నూనె పోసి గాజు కడ్డీతో కలుపుతూ చూసే పద్ధతి నాకు నచ్చదు, కలిపే చెయ్యి మీదే ధ్యాసంతా పోతుంది. డిజిటల్ యంత్రం ఉంటే మంచిదే, కానీ మొదట నేర్చుకోవాల్సింది మాత్రం థీలే ట్యూబ్ మీదే.

ఇక అందరూ పాడుచేసేది వేడి చేయడం దగ్గర. పదార్థం ఏదో తెలియకపోతే మొదటి కాపిలరీతో కాస్త వేగంగా వేడి చేసి సుమారుగా ఎక్కడ కరుగుతోందో చూసుకోండి. తర్వాత నూనెను ఆ అంకెకు కనీసం 20 డిగ్రీలు కిందికి చల్లారనిచ్చి, కొత్త కాపిలరీతో మళ్లీ మొదలుపెట్టండి. కరిగి గడ్డకట్టిన పాతదాన్ని వాడకూడదు, అందులో పదార్థం కొంత విడిపోయి ఉండొచ్చు. ఈసారి చివరి 15 డిగ్రీల నుంచి నిమిషానికి 1, 2 డిగ్రీలకు మించి పెరగకూడదు. పాలు పొంగే ముందు మంట తగ్గించినట్టు, ల్యాంప్‌ను పక్కకు జరుపుతూ మళ్లీ దగ్గరకు తెస్తూ ఉండాలి. తొందరపడితే గాజు దాటి వేడి పొడికి పూర్తిగా చేరకముందే పాదరసం పైకి వెళ్లిపోతుంది, ఉన్నదానికన్నా ఎక్కువ అంకె వస్తుంది, మధ్య తేడా కూడా పెరుగుతుంది. అప్పుడు పదార్థం బాగోలేదని అనుకుంటారు, నిజానికి బాగోలేనిది మంట.

ఫ్యాన్ ఆపేయండి. మన ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే ఎవరూ వినరు గానీ, అది తిరుగుతుంటే మంట ఒక చోట నిలవదు. అసలు మే నెల మధ్యాహ్నం ఫినాల్ లాంటివి పెట్టుకోకండి, అది 41 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, గది వేడికే మెత్తబడి కూర్చుంటుంది.

పొడి ముడుచుకోవడం, గోడ నుంచి ఊడిరావడం కరగడం కాదు. మొదటి ద్రవపు చుక్క కనిపించినప్పుడు ఒక అంకె, ఆఖరి కణం మాయమై అంతా తేటగా అయినప్పుడు రెండో అంకె. తేడా 2 డిగ్రీలు దాటితే మళ్లీ స్ఫటికీకరించి, బాగా ఆరబెట్టి చూడండి. మలినం ఉంటే కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, తేడా పెరుగుతుంది. యూరియా, సిన్నమిక్ ఆమ్లం రెండూ విడివిడిగా 133 దగ్గరే కరుగుతాయి, కలిపి చూస్తే చాలా కిందే కరిగిపోతాయి. రెండు పొడులు ఒకటేనా అని అనుమానం వస్తే ఇలా కలిపి చూడడమే దారి.

పారాఫిన్‌ను 200 డిగ్రీలు దాటనివ్వొద్దు, పొగలొస్తాయి, అంటుకోవచ్చు. అయిపోయాక థర్మామీటర్ తీసి కుళాయి కింద పెట్టకండి, పగులుతుంది. నూనె పూర్తిగా చల్లారాకే సీసాలో పోయండి. అందులో నీటి చుక్క పడకుండా చూసుకోండి, లేకపోతే మళ్లీ వేడి చేసినప్పుడు చిట్లి మీద పడుతుంది.